మంజీర దాకా ఐలన్న ట్రయళ్ళు

ట్రయల్ వెయ్యకుండా ఐలన్న ఏ పనీ చెయ్యడు. ఇరవై ఎనిమిదేళ్ళు గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ ఏ కొత్త మందు చెయ్యాలన్నా ముందు కాస్తంత ట్రయల్ బ్యాచ్ తీసి చూసేవాళ్ళు. ఆ అలవాటు ఆయన వెంటే ఇంద్రేశంలోని ఇంటికొచ్చింది. బిడ్డ పెండ్లికి ముందురోజు బరాత్ ట్రయల్ అని ఉత్త గుర్రాన్ని బాజాలతో వాడంతా తిప్పాడు. పన్ను పీకించుకోవడానికి మూడు రోజులు అద్దం ముందు నోరు తెరిచి కూర్చున్నాడు. నాలుగో రోజు ఆ పన్ను తనంతట తానే ఊడిపోయింది.

"చూసినవానే, ట్రయల్ మహిమ!" అన్నాడు భార్య బక్కమ్మతో.

పక్కింటి రాధమ్మకు ఇవన్నీ తెలిసినవే. ఆమె భర్త లింగం, ఐలన్న ఒకే షిఫ్టు. చలికాలం వచ్చిందంటే ఇద్దరూ ఒక స్కూటరు మీద సంగారెడ్డి పక్కనున్న మంజీరకు పోయి, హిమాలయాలు దాటి వచ్చే బాతులను చూసొచ్చేవారు. లింగం బట్టలకు బురద వాసన పట్టుకుని ఇంటికొచ్చి, "వచ్చే ఏడు నిన్ను తోల్కపోత," అనేవాడు. ఆ వచ్చే ఏళ్ళన్నీ ఓవర్‌టైములో కలిసిపోయాయి. పోయిన శ్రావణంలో లింగం గుండె ఆగింది. అప్పటినుంచి రాధమ్మ గేటు దాటలేదు. పాలైనా కూరగాయలైనా గేటు దగ్గరికే వచ్చేవి.

మాఘమాసంలో ఒక పొద్దున ఆమె గోడ మీదుగా అడిగింది.

"అన్నా, ఆ బాతులు ఇంక ఉన్నయా?"

ఐలన్న చాయ్ గ్లాసు నోటిదాకా పోయి ఆగింది. "ఉన్నయి చెల్లే. ఎండలు ముదిరితే లేస్తయి. హోలీ దాంక ఉంటయేమో."

"ఒక్కసారి చూడాలని ఉన్నది."

"పోదాం! ఏజెంటు వద్దు, ప్యాకేజీ వద్దు. మన ప్లాను మనదే. పొద్దుగాల నర్సాపూర్ అడవి, పగటికి మంజీర చిత్తడి. గాని ముందుగాల..."

"ట్రయల్!" అంది లోపలినుంచి బక్కమ్మ.

ఆ సాయంత్రమే పాత క్యాలెండరు వెనకవైపు పటం గీశాడు. అడవికి ఆకుపచ్చ, నీళ్ళకు నీలం, మొసళ్ళకు ఎరుపు. మర్నాడు రాధమ్మ ఇంటి డాబా మీదే కూర్చునే ట్రయల్. ముగ్గురూ గోనెసంచులు కప్పుకుని గంటసేపు కదలకూడదు, తుమ్మకూడదు.

"కండ్లు మూసుకోండ్రి," అన్నాడు ఐలన్న గొంతు తగ్గించి. "ఇప్పుడు మనం జమ్ము గడ్డిల ఉన్నం. నీళ్ళ మీద మంచు. ఆ మంచుల్నుంచి ఒకటొకటే బయటికొస్తయి..."

రాధమ్మ కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి పొద్దుగూకుతోంది. దూరాన ఫ్యాక్టరీ గొట్టాల పొగ తెల్లగా, మెత్తగా నేల మీదికి దిగుతోంది. ఎదురుగా వెంచర్‌లో పాతిన హద్దురాళ్ళు ఆ పొగలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగల్లా ఉన్నాయి. ఒకటి కదిలినట్టే అనిపించింది. అది నిజంగా కదిలిందేమోనని ఆమె చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

తరువాత తిండి ట్రయల్. బక్కమ్మ డబ్బానిండా సకినాలు చేసింది.

"నడువది," అన్నాడు ఐలన్న. "గివి కరకర నములుతె కుందేలు జహీరాబాద్ దాంక ఉరుకుతది."

"మరేం తింటవు, దూదా?"

సకినాలను చాయ్‌లో నానబెట్టి, చప్పుడు లేకుండా మింగి చూపించాడు. పొలమారి వాడంతా అదిరేలా దగ్గాడు.

మొదటి ఆదివారం కిరాయి ఆటో వచ్చి నిలబడింది. రాధమ్మ సంచి భుజానికేసుకుని గేటు దాకా వచ్చింది. గొళ్ళెం మీద చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. లింగం చూపిస్తానన్న చోటికి లింగం లేకుండా ఎట్లా పోవడం? 'నేను రాలేను' అనబోయింది.

"ఆపుండ్రి!" అని అరిచాడు ఐలన్న ఆటోలోంచి. "ఇయ్యాల రద్దు. గొడుగు ట్రయల్ కాలే."

"గొడుగేందన్నా? మొగులే లేకపాయె!" ఆటో అతను నెత్తి కొట్టుకున్నాడు.

"నీతోని ఎన్నడన్న అయితదా అన్నా!" అని రాధమ్మ కూడా కేకలేసింది. లోపలికి వెళ్ళి సంచి దించితే ఛాతీ మీది బండ దిగినట్టయింది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రెండో ఆదివారం రాధమ్మ గేటు దాటింది. ఆటో కోసం ముగ్గురూ గల్లీ చివరిదాకా నడిచారు. అక్కడ రాధమ్మ అడుగు తడబడగానే ఐలన్నకు తన బూట్లు కిర్రుమంటున్నాయని తెలిసొచ్చింది. నూనె పోసే దాకా ప్రయాణం లేదన్నాడు. మూడో ఆదివారం ఊరవతలి కుంట దగ్గర నీటిగట్టు ట్రయల్. పాత ఫ్యాక్టరీ డ్రెస్సు, నెత్తిన హెల్మెట్టు, మెడలో దుర్భిణి, చేతిలో నోటుబుక్కుతో ఐలన్న గట్టు మీద నిలబడి నీళ్ళను దుర్భిణితో చూస్తున్నాడు. ఇంకేముంది, కాలుష్యం ఆఫీసరు వచ్చాడని జనం పోగయ్యారు.

"సారూ, మా బోరు నీళ్ళు వాసనొస్తున్నయి, రాసుకోండ్రి!"

"సారూ, మా బర్రె పాలు తగ్గించింది!"

కుంటలో ఫ్యాక్టరీ మురుగు వదలడానికి మలుపు తిరిగొచ్చిన ఒక ట్యాంకరు గట్టు మీద హెల్మెట్టును చూసి, వచ్చిన దారినే రివర్సులో మెయిన్ రోడ్డు దాకా పోయింది. ఐలన్న బర్రె సంగతితో సహా అన్నీ రాసుకున్నాడు. ఒక ముసలమ్మ రాధమ్మ కొంగు పట్టుకుంది. "మేడమ్, మీరన్న చెప్పుండ్రి!"

ఏడు నెలలుగా కొత్త మనిషితో మాట్లాడని రాధమ్మ, "మేం సార్లం గాదమ్మా, బాతులు చూసేటోళ్ళం," అని ఒక్కొక్కరికీ చెప్పేసరికి మధ్యాహ్నమైంది.

వాడలో ఐలన్న పరువు మిగల్లేదు. "ఐలన్న మంజీర చేరేసరికి బాతులు పోయి పిల్లల్ని కని మల్లొస్తయి," అన్నారు. ఆయన తల ఊపి గొడుగు విప్పి, ముడిచి, మళ్ళీ విప్పాడు.

హోలీ నాలుగు రోజుల్లోకి వచ్చింది. రాధమ్మ తానే గేటు తీసుకుని ఐలన్న ఇంటి ముందు నిలబడింది.

"అన్నా, రేపు పోవుడే. ట్రయల్ గియల్ అన్నవంటే నేనొక్కదాన్నే జోగిపేట బస్సెక్కి సంగారెడ్డిల దిగుత."

ఐలన్న ఆమెను చూశాడు. ఆమె వెనక బార్లా తెరిచి ఉన్న గేటును చూశాడు.

"ఇగ ట్రయల్ అక్కర్లేదు చెల్లే," అన్నాడు.

నర్సాపూర్ అడవి మోదుగు పూలతో నిప్పు లేకుండానే మండుతోంది. ఆటో ఆపి ముగ్గురూ నడిచారు. ఎక్కడో నెమలి పిలిచింది. ఎండుటాకుల మీద పడ్డ ఎండ గాలికి ఊగుతుంటే, నేలే నీళ్ళయినట్టు రాధమ్మకు అడుగు తేలింది. మంజీర చేరేసరికి పగలు వాలింది. గట్టు దగ్గర కాపలా ఉండే సత్తయ్య ఎదురొచ్చాడు.

"ఏందే ఐలన్నా, ఆఖరికి తోల్కొస్తివా! వారం వారం బుధవారం స్కూటరేసుకొచ్చి 'బాతులు పోలేదు గదా' అని అడుగుడు, దారిల ముళ్ళకంప కొట్టుడు. నా పనంత నువ్వే జేస్తివి!"

రాధమ్మ ఆగిపోయింది. "ఈయనకు దారి ఎరుకేనా?"

"ఎరుకనా! కండ్లు మూసుకుని వస్తడు."

"మరి గొడుగు? బూట్లు?"

ఐలన్న దుర్భిణిని తిరగేసి ఆకాశం చూడసాగాడు. బక్కమ్మే చెప్పింది. "నీ చెయ్యి గొళ్ళెం మీద ఆగినా, నీ అడుగు తడబడినా ఆయనకు ఏదో ఒకటి యాదికొస్తుండె. 'రానని ఆమె నోటితోని అననియ్యద్దే. ఒక్కసారి అంటే ఇగ రాదు. తిట్లు నాకు పడనీ,' అంటుండె."

"గా ముచ్చట ఇప్పుడెందుకే!" అని సిగ్గుతో గబగబా ముందుకు నడిచిన ఐలన్న నేరుగా బురదలోకి దిగాడు. మోకాలి దాకా కూరుకుపోయాడు. పైకి లాగబోతే రెండో కాలూ దిగింది. హెల్మెట్టు జారి ముక్కు మీద ఆగింది.

"ఎవలు కదలకుండ్రి," అన్నాడు గుసగుసగా, గంభీరంగా. "ఇది సుత ప్లానుల ఉన్నది."

రాధమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. నవ్వు జమ్ము మీదుగా, నీళ్ళ మీదుగా సాగిపోయింది. అవతలి ఒడ్డున పచ్చిక మేస్తున్న నలభై బాతులు ఒక్కసారి తలలెత్తాయి. తెల్లటి తలల మీద రెండేసి నల్లని పట్టీలు.

అన్నీ ఆమెవైపే చూశాయి. ఒక్కటీ లేవలేదు. కాసేపు చూసి, తలలు దించి మళ్ళీ మేతలో పడ్డాయి.