డ్రైవరు వైపు పైబోల్టు

దెయ్యాలంటే నాకు భయం లేదు, కోపం. చిన్నప్పుడే బడి మానేసి రాయపూర్ పండరీ బట్టల బజారులో మూటలు మోసినవాణ్ణి. పొట్లాల కాగితాలు, పాత పుస్తకాలు, ఏది దొరికితే అది చదివి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. పిల్లాడికి జ్వరమొస్తే గాలి సోకిందని నిమ్మకాయ తిప్పేవాళ్ళతో మా బస్తీలో ఏళ్ళ తరబడి పోట్లాడాను. ఇప్పుడు రాస్తున్న సంగతి ఇంకొకరు చెప్పి ఉంటే ముందు నేనే నవ్వేవాణ్ణి.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వే పనికి రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నా తమ్ముడు సూరిబాబు లారీ డ్రైవరుగా మొదలై సొంత బండి కొనుక్కున్నాడు. ఉర్లా ఫ్యాక్టరీల వెనక వాడిదీ నాదీ పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒకటే పెరడు. కరోనా రెండో విడత వచ్చినప్పుడు వాడు ఆసుపత్రికి తన కాళ్ళ మీదే నడిచి వెళ్ళాడు. మళ్ళీ ఇంటికి రాలేదు.

అప్పటికే గేర్‌బాక్సు పళ్ళు అరిగిపోయి బండి పెరట్లో నిలిచిపోయి ఉంది. వాడి భార్య నరసమ్మకు పిల్లలు లేరు. ఆవిడ తమ్ముడు పలాస నుంచి వచ్చి, బండిని ఉర్లాలో ఇనుము కరిగించే కొలిమికి తుక్కు కింద అమ్మేసి తనతో వచ్చేయమన్నాడు. ఆవిడ నా దగ్గరకొచ్చి గుమ్మం అవతలే నిలబడింది.

"బావగారూ, అభన్‌పూర్ డ్రైవరొకడు ధాన్యం లోడుకి తిప్పుతానంటన్నాడు. బండి కదిల్తే నాను ఇక్కడే ఉంటాను. కదలకపోతే తమ్ముడింట్లో మరదలి సేతి కింద బతకాల. ఏటి సేద్దుం?"

"కదుల్తుంది," అన్నాను.

షెడ్డువాళ్ళు ఇంత పాత బండికి పని చెయ్యం పొమ్మన్నారు. చేతకాదని చెప్పడానికి సిగ్గుపడి బండిని తిట్టడం ఈ రోజుల్లో కొత్త చదువు. సరే, ఇంట్లోనే చేద్దామనుకున్నాను. పెరట్లో సూరిబాబు తవ్వుకున్న గొయ్యి ఉంది, దాని మీదే బండి ఉంది. తుక్కు దుకాణంలో అదే రకం బండిది ఇంకో గేర్‌బాక్సు దొరికింది. వెనక వీధిలో ఉండే మెకానిక్ దిలీప్ చెయ్యి వేస్తానన్నాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గేర్‌బాక్సును ఇంజనుకు చుట్టూ బోల్టులతో బిగిస్తారు. కిందివి ఎవరైనా విప్పుతారు. పైవి క్యాబిన్ నేలకు ఆనుకుని సందులో ఉంటాయి. కంటికి కనబడవు, పానా తిరగదు. అన్నిటికన్నా దుర్మార్గమైంది డ్రైవరు వైపు పైబోల్టు. అక్కడ దాన్ని పెట్టిన ఇంజనీరును ఒక్క మధ్యాహ్నం ఆ గోతిలో పడుకోబెట్టాలని నాకు చాలాకాలంగా కోరిక.

దీనికి సూరిబాబు ఒక పద్ధతి కనిపెట్టుకున్నాడు. వెనక ఆధారం విప్పి, ఇంజను తోకను జాకీ మీద మెల్లగా కిందికి దించేవాడు. పైన చెయ్యి పట్టేంత సందు వచ్చేది. పొడుగాటి రాడ్డులు ఒకదానికొకటి తగిలించి, మధ్యలో వంగే కీలు, చివర సాకెట్టు పెట్టేవాడు. నేను వెనక నుంచి రాడ్డు తిప్పాలి. వాడు పక్కనుంచి చెయ్యి దూర్చి సాకెట్టును బోల్టు తల మీద కూర్చోబెట్టాలి. ఆ సమయంలో కళ్ళు మూసుకునేవాడు. "కళ్ళు తెరిస్తే దొరకదన్నయ్యా, మూసుకుంటే అదే సేతికొస్తాది," అనేవాడు.

వాడికి కిళ్ళీ అలవాటు. బిగించిన ప్రతి బోల్టు తల మీదా వేలితో సున్నం చుక్క పెట్టేవాడు. ఏది అయ్యిందో ఏది మిగిలిందో తెలియడానికి. "బోల్టులకి కూడా కిళ్ళీ తినిపిస్తున్నావేంట్రా," అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

పాతది విప్పినప్పుడు ఆ చుక్కలన్నీ ఎండి, పెచ్చులు కట్టి కనిపించాయి. బోల్టులన్నిటినీ నేనే డీజిల్లో నానబెట్టి, ఇనుప బ్రష్షుతో మెరిసేదాకా తోమాను. తోముతుంటే చెయ్యి చాలాసార్లు ఆగిపోయింది. అది వేరే సంగతి.

కొత్త గేర్‌బాక్సును చైన్ పుల్లీతో ఎత్తి కూర్చోబెట్టాం. ఆ ఒక్కటి తప్ప బోల్టులన్నీ ఎక్కాయి. దిలీప్ చెయ్యి లావు, మోచెయ్యి దాటి లోపలికి పోదు. నా చెయ్యి పోతుంది కానీ వణుకుతుంది. బోల్టు మరలో పడేలోపే జారి గోతిలో పడేది. మర్నాడూ అదే పని.

"ఛోడ్ కకా, ఏక్ ఠన్ బోల్ట్ బర్ కాబర్ రోవత్ హస్," అన్నాడు దిలీప్. ఒక్క బోల్టుకి ఏడుపెందుకు బాబాయ్, వదిలెయ్యమని వాళ్ళ ఛత్తీస్‌గఢీలో.

"నీ పెళ్ళిలో అగ్గి చుట్టూ తిరిగే ఏడో ఫేరా కూడా ఇలాగే వదిలేశారా?" అన్నాను.

"వదిలేసే ఉంటారు కకా, అందుకే మా ఆవిడ నా మాట వినదు," అని నవ్వుకుంటూ భోజనానికి వెళ్ళాడు.

బోల్టును గోతి గట్టున చెక్క మీద పెట్టి, పక్కనే రాడ్డు పెట్టి, నేను అరుగు మీద నులక మంచంలో నడుం వాల్చాను. పట్టపగలు. కుళాయి దగ్గర నరసమ్మ గిన్నెలు తోముతోంది. బండి దగ్గరికి ఎవరు వెళ్ళాలన్నా ఆవిడ ముందు నుంచే వెళ్ళాలి. నాకు కాస్త కునుకు పట్టిందేమో, దాచను. కానీ రాడ్డును తిప్పే రాట్చెట్ పిడి కరకర శబ్దం స్పష్టంగా విన్నాను. దిలీప్ వచ్చేశాడనుకున్నాను. శబ్దం ఆగింది. ఆ తర్వాత గేటు తీసుకుని, మూతి తుడుచుకుంటూ దిలీప్ లోపలికి వచ్చాడు.

చెక్క మీద బోల్టు లేదు. గోతిలో వెతికాను. చివరికి సందులో చెయ్యి పెట్టాను. బోల్టు దాని చోట ఉంది. పానా వేసి లాగితే ఇసుమంత కదల్లేదు, అంత గట్టిగా బిగిసి ఉంది. చెయ్యి బయటికి తీస్తే వేళ్ళకు సున్నం. తడి సున్నం. బొటనవేలు మీద గీరుకున్న చోట మండింది.

మా ఇళ్ళలో ఇంకెవరూ కిళ్ళీ వెయ్యరు. వాడి సున్నం డబ్బీని నరసమ్మ పదోరోజునే వాడి చెప్పులతో కలిపి ఖారూన్ నదిలో వదిలేసింది. దిలీప్ నా వేళ్ళు చూసి, బండి టైరుకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. వాడే చేసి ఉంటే ఊరంతా చెప్పుకునే రకం.

నరసమ్మ గిన్నె వదిలేసి వచ్చింది. నా చెయ్యి చూసింది. కొంగు దోపుకుని గోతిలోకి దిగి, ఆ సందులో భుజం దాకా చెయ్యి దూర్చింది. కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి. సూరిబాబును ఆసుపత్రివాళ్ళు ప్లాస్టిక్‌లో చుట్టి నేరుగా దహనానికి పంపించారు. ఆవిడను గేటు బయటే ఆపేశారు. ఆవిడ ఏడవడం అప్పటిదాకా నేను చూడలేదు.

"ఎచ్చగుంది బావగారూ," అంది.

నేను మళ్ళీ చెయ్యి పెట్టాను. చల్లటి ఇనుము. ఆ ఇంజను తిరిగి నెలలు దాటింది, వెచ్చగా ఉండటానికి కారణమే లేదు. ఆ మాట ఆవిడతో అనలేదు.

ఆ వారంలోనే బండి కదిలింది. ఆవిడ తమ్ముడు ఒక్కడే పలాస వెళ్ళిపోయాడు.

నేనే నిద్రమత్తులో లేచి బిగించి మరిచిపోయానా అని కూడా ఆలోచించాను. నా వణుకు చేతులకు అంత బిగింపు రాదు. వచ్చినా, సున్నం ఎక్కడిది? ఎన్ని విధాల తిప్పి చూసినా లెక్క కుదరడం లేదు.

ఇప్పుడు క్లచ్ జారుతోంది. ఎత్తు వస్తే లోడు లాగడం లేదని అభన్‌పూర్ డ్రైవరు రోజూ గొణుగుతున్నాడు. క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, దించాలంటే ఆ బోల్టు విప్పాలి. ఇలాగే తిప్పితే బండి ఎక్కువ రోజులు నిలవదు, మళ్ళీ ఉర్లా కొలిమి మాటే వస్తుంది. నరసమ్మకూ ఆ సంగతి తెలుసు.

"అది ఇప్పితే ఆయన సెయ్యి ఒదిలేసినట్టే గదా బావగారూ," అంటుంది.

జారే క్లచ్‌తో బండి నడిపేవాణ్ణి నడిరోడ్డు మీద ఆపి మరీ తిట్టేవాణ్ణి నేను. ఆవిడ ముందు పానా తీయలేకపోతున్నాను.