గీకేసిన నంబరు

పుత్తూరులో మా ఇంట్లోనే మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తుంటాను. పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే మా నాయన వాడే ఆక్సిజన్ మెషిన్ ఆగిపోయింది. ఆయనకు సిలిండర్ తగిలించి, సర్వీసు అతన్ని పిలిపించాను.

"పవర్ బోర్డు మొత్తం మార్చల్ల మేడమ్. పది దినాలు పడతాది" అన్నాడు.

"సిలిండర్ సాయంత్రం దాకా వస్తే ఎక్కువప్పా!" అంటూ బోర్డు నేనే తీసి చూశాను. ఒక్క ఐసీ చిప్పు మాత్రమే పగిలింది. దాని మీద అది ఏ రకమో చెప్పే నంబరు లేదు. కాలిపోయిందేమోనని భూతద్దం పెడితే, గరుకు కాగితంతో రుద్దిన గీతలు కనిపించాయి.

"ఇది ఎవురు గీకినారు?"

"కంపెనీలోనే గీకేస్తారు మేడమ్, బయటోళ్లు బాగుచెయ్యకుండా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఐసీ కాళ్లు ఒక్కొక్కటీ ఎక్కడికి పోతున్నాయో కాగితం మీద గీసుకుని, ఫోన్‌లో దొరికిన ఐసీల పటాలతో పోల్చుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి ఒకటి సరిపోయింది. అదే ఐసీ నా దగ్గరున్న పాత టీవీ బోర్డులో ఉంటే తీసి సోల్డర్ చేశాను. మీటరుతో వోల్టేజీ సరిచూసుకున్నా, స్విచ్ వేసే ముందు మళ్లీ ఒకసారి చూశాను.

"బయపడబాకమ్మా, ఏసెయ్" అన్నాడు నాయన మాస్కులోంచి.

మెషిన్ గుయ్‌మని మొదలైంది.

నాయన ఇప్పుడు బాగానే ఉన్నాడు. నా కోపమే తగ్గలేదు. మనిషికి ఊపిరి అందించే యంత్రంలో ఆ నంబరు చెరిపేయడానికి వాళ్లకు చేతులెలా వచ్చాయి?