రాణిగారి పంటిగాటు

వెర్సాయ్ కోటలో రాజుగారి బల్ల మీద మిగిలిన తిండి మా సంతకు వచ్చేది. దుకాణాల వాళ్ళు కొని ఊరికి అమ్మేవారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, మా ఊళ్ళో సగం మంది ఆ ఎంగిలితోనే పెరిగారు. నా ఉల్లిపాయల బండి పక్కనే పెట్రోనిల్ గొదార్ దుకాణం. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ముందు పళ్ళ మధ్య ఇంత సందు.

పళ్ళెం చూస్తే చాలు, తిన్నవాళ్ళ సంగతి ఆమెకు తెలిసిపోయేది. రాజుగారి పళ్ళెంలో ఎముకలే మిగిలేవి. రాణిగారి ముందు పెట్టినవి మాత్రం పెట్టినట్టే తిరిగొచ్చేవి. రాజకుటుంబం భోంచేస్తుంటే జనం వచ్చి నిలబడి చూడడం మా దగ్గర రివాజు. అన్ని కళ్ళ ముందు ఆవిడకు ముద్ద దిగేది కాదు.

"ముట్టని తిండి ఎవడిక్కావాలి తమ్ముడూ? రాణి కొరికిందంటే ఎగబడతారు" అంటూ పెట్రోనిల్ నా కళ్ళ ముందే ఆపిల్ కూరిన రొట్టెను కసుక్కున కొరికేది. "రాణిగారి పంటిగాటు! రండమ్మా, రండి!" అని కేక పెట్టేది. నిజంగానే ఎగబడేవారు. నాకు నవ్వాగేది కాదు.

తర్వాత పంటలు పోయాయి, రొట్టె కరువైంది. ముచ్చటపడి కొన్న పంటిగాట్లే జనానికి కంటగింపయ్యాయి.

"అన్నీ ఓ కొరుకు కొరికి పారేస్తుందట మహాతల్లి!"

"ఆ మొద్దు రాజు పెళ్ళాన్ని అడగలేడు మరి."

"నిప్పు లేందే పొగొస్తుందా?"

తిట్టుకుంటూనే కొనేవారు. బేరాలు పోతాయని పెట్రోనిల్ కొరకడం మానలేదు.

1789 అక్టోబరులో రొట్టె కావాలంటూ పారిస్ ఆడవాళ్ళు వానలో నడుచుకుంటూ మా ఊరొచ్చారు. వాళ్ళలో జావోత్ అనే చేపలామె దుకాణంలోంచి కొరికిన రొట్టె ఒకటి కత్తికి గుచ్చి పైకెత్తింది. "ఇదిగో సాక్ష్యం! మన పిల్లలు మాడుతుంటే ఆ రాణి వేషాలు చూడండి! పదండి, ఆ పళ్ళు రాలగొడదాం!"

పెట్రోనిల్ ముందుకు కదిలింది. నేను చెయ్యి పట్టి లాగాను. "నోరు మూసుకో అక్కా, నిన్ను చీల్చేస్తారు."

విదిలించుకుంది. "అవి నా పళ్ళు!" అని అరిచి, ఇంకో రొట్టె అందరూ చూస్తుండగా కొరికి, మొదటి దాని పక్కన పెట్టింది. రెండు గాట్లలోనూ మధ్యన అదే సందు. "ఆవిడ ఏదీ ముట్టేది కాదమ్మా. అమ్ముకోడానికి నేనే కొరికా. రాలగొడితే నా పళ్ళు రాలగొట్టండి."

జావోత్ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఆ సందు గుడ్డివాడికైనా కనిపిస్తుంది. చూసి, పకపకా నవ్వింది.

"ఎంత ముట్టిందే నీకు, దాని పాపం నీ నెత్తినేసుకోడానికి?"

"ఒట్టు! చిల్లిగవ్వ కూడా..."

"పో పోవే, కోట కుక్కా!"

ఆకలి మీదున్న మనిషి. ఒక రొట్టె తను తినేసి, రెండోది పక్కామెకు ఇచ్చింది. గుంపు కోట వైపు సాగింది.

మర్నాడు రాజునూ రాణినీ పారిస్ తీసుకుపోయారు. సంత మూతపడింది. తర్వాత నాలుగేళ్ళలో ఇద్దరి తలలూ నరికిన సంగతి తెలిసిందే. రాజు సమర్థుడని నేననను, ఆవిడ దుబారా చెయ్యలేదనీ అనను. ఆ పంటిగాట్లు మాత్రం ఆవిడవి కావు.

పెట్రోనిల్ ముసలిదయ్యేదాకా మా వీధిలోనే బతికింది. పళ్ళన్నీ గట్టిగానే ఉండేవి. అయినా ఆ రోజు తర్వాత ఆమె దేన్నీ కొరికి తినగా నేను చూడలేదు. ఆపిల్ పండునైనా చాకుతో చిన్న ముక్కలు కోసుకుని, గోడవైపు తిరిగి తినేది.