రత్నమ్మక్క కడగని గిన్నె

గోరింటాకు రుబ్బిన వాసన. తలుపు తీయగానే ముక్కుకు తగిలింది అదే. తెలియనివాళ్ళు ఏదో ఆకుపసరు అనుకుంటారు కానీ, జపాన్ వాళ్ళు వేడినీళ్ళలో గిలక్కొట్టి తాగే ఆకుపచ్చ టీ పొడి వాసన అది. ఒమాన్ దేశంలోని మత్రాలో, సముద్రపు రోడ్డుకు వెనక సందులో ఉన్న ఈ ఇంట్లో నేను ఆరేళ్ళు పనిచేశాను. ఆరేళ్ళూ వెనక గుమ్మంలోంచే రావడం, వెనక గుమ్మంలోంచే పోవడం. ఇప్పుడిది మ్యూజియం. మేడం పోయాక ఆవిడ పిల్లలు కింది గదులు మూడింటిని అద్దాల బీరువాలతో నింపి, జపాన్ టీ కళ అని బోర్డు పెట్టారు. పోయిన శుక్రవారం నాకు డ్యూటీ లేదు. టికెట్ కొనుక్కుని మొదటిసారి ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను. కళ మీద మోజు పుట్టి కాదు. అక్కడ ఒక గిన్నె ఉంది. దాని గురించి నేను ఒక మాట చెప్పాలి. ఆ మాట చెప్పాల్సిన రోజున చెప్పి ఉంటే రత్నమ్మక్క బతుకు అలా ముగిసేది కాదు.

రత్నమ్మక్కను మీరు చూసి ఉండరు. భీమవరం దగ్గర పల్లె ఆమెది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నేను వెళ్ళేటప్పటికి ఆ ఇంట్లో చేరి పదకొండేళ్ళయింది. మేడం జపాన్ ఆవిడ. ఒమానీ వ్యాపారిని పెళ్ళి చేసుకుని ఇక్కడే స్థిరపడింది. పుట్టింటినుంచి తెచ్చుకున్న మట్టి గిన్నెలు, ఇనప కెటిల్, వెదురు చెంచాలు ఆవిడకు ప్రాణం. నేను మాత్రం ఈ దేశంలోనే బురైమి అనే ఊళ్ళో, పనికి కుదిరిన మొదటి ఇంట్లో ఏడు నెలలు నరకం చూసి వచ్చాను. ఒంటిపూట తిండి, తాళం వేసిన గది, చేతికి ఏది దొరికితే దానితో కొట్టే యజమానురాలు, మామా అని పిలవాలి ఆవిణ్ణి. కడప జిల్లానుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళదాన్ని. మనుషుల్ని పంపే ఆఫీసువాళ్ళు నన్ను ఇక్కడ దింపుతూ, ఇక్కడా కుదరకపోతే మళ్ళీ అలాంటి ఇంటికే పంపుతామని చెప్పి మరీ వెళ్ళారు.

మొదటిరోజు భయానికి గిన్నెలన్నీ దడదడా తోమేస్తున్నాను. రత్నమ్మక్క వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏంటే ఆ దూకుడు? గేదెని కడిగినట్టు కడుగుతున్నావేంటే పళ్ళేల్ని?"

"బిరీన అయిపోవాల గదక్కా."

"అయిపోయి ఏం చేత్తావ్? ఇమానం ఎక్కుతావా?"

నా చేతిలోని పళ్ళెం తీసుకుని, చప్పుడు లేకుండా బల్లమీద పెట్టి చూపించింది. "ఎత్తేటప్పుడు అందరూ జాగర్తగానే ఎత్తుతారే. దింపేటప్పుడు తెలుత్తది మనిషి సంగతి. అది బల్లమీద కూచున్నాకే నీ చెయ్యి తియ్యి." ఒక పళ్ళెం గురించి ఇంత ఉపదేశమా అనుకున్నాను. నవ్వొచ్చింది కూడా. కానీ ఆ ఇంట్లో నన్ను మనిషిలా చూసి తిట్టిన మొదటి మనిషి ఆమే. తిట్టడంలో కూడా తేడా ఉంటుందని బురైమి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

సోమవారం సాయంత్రం మేడం దగ్గరికి నలుగురైదుగురు వచ్చేవాళ్ళు. గడ్డి చాపలు పరిచిన గదిలో మోకాళ్ళమీద కూర్చునేవారు. గుక్కెడు టీ తాగడానికి గంటసేపు. మేడం గిన్నెను తుడవడం, తిప్పడం, ఇవ్వడం, పుచ్చుకున్నవాళ్ళు వంగి దండం పెట్టడం, మళ్ళీ తిప్పడం. నేను తలుపు సందులోంచి చూసి నోట్లో కొంగు కుక్కుకునేదాన్ని. "ఇంత తతంగమేందక్కా? కరివేపాకు నీళ్ళకి!" అంటే రత్నమ్మక్క మాత్రం నవ్వేది కాదు. "నాకూ మొదట్లో నవ్వే వచ్చేదే. ఓసారి మేడంకి చేతులు నొప్పొచ్చి నన్ను కలపమన్నారు. కలిపి ఇచ్చేకా, తాగినావిడ నాకు దండం పెట్టింది. పనిమనిషికి దండం పెట్టేరే పిల్లా! ఇక నవ్వెలా వత్తది?" అంది. ఆ గిన్నెల బీరువా తాళం ఆమె దగ్గరే ఉండేది. నన్ను వాటి దరిదాపులకు రానిచ్చేది కాదు. ఎందుకు తాకకూడదో చెప్పలేదు, చెయ్యి పెట్టకు అంది, అంతే. నాకు ఉడుకుమోత్తనం వచ్చేది. ఏం, నాకు గిన్నెలు కడగడం రాదా?

వాటిలో మేడం అన్నిటికంటే ముద్దు చేసుకునే గిన్నె ఒకటుంది. రెండు అరచేతులు దోసిలి పట్టినంత, మీగడ రంగుది. పైపూతంతా వెంట్రుకంత సన్నటి పగుళ్ళు. ఎన్నో ఏళ్ళ టీ ఆ పగుళ్ళలోకి దిగి, లోపలంతా గోధుమరంగు గీతలు వలలా అల్లుకున్నాయి. నా కళ్ళకు అది ఒట్టి మురికి. మా ఇంట్లో గ్లాసు అడుగున టీ మరక కనిపిస్తే మా అమ్మ "ఆడపిల్ల తిరుగుతాండే ఇల్లేనా ఇది" అని వీపుమీద ఒకటి అంటించేది. చింతపండు వేసి తోమి తళతళలాడించిన పాత్రే మాకు ఇంటి పరువు.

నేను చేరిన ఐదో నెలలో, మేడంకు టీ నేర్పిన గురువుగారు జపాన్‌నుంచి వస్తున్నారని ఇల్లంతా హడావిడి. ఆయన వచ్చే ముందురోజు రత్నమ్మక్క రెసిడెన్స్ కార్డు కోసం మెడికల్ టెస్టుకు డ్రైవర్‌తో వెళ్ళింది. మీగడరంగు గిన్నె బీరువా బయటే, గుడ్డమీద బోర్లించి ఉంది. ఆరబెట్టిందన్నమాట. నాకు బుద్ధి పుట్టింది. గురువుగారు ఈ మరకలు చూస్తే మేడం పరువేం కాను? అక్క చేయలేని పని నేను చేసి చూపిస్తాను. చింతపండుతో తోమాను, పోలేదు. బాత్రూం బ్లీచు పోసి నానబెట్టి, పీచుతో రుద్దాను. ఒక్క గీత లేకుండా పోయింది. కొత్త పింగాణీలా తెల్లగా వచ్చింది. ఎంత సంతోషపడ్డానో! ఎవరైనా ఎప్పుడొస్తారా, చూసి మెచ్చుకుంటారా అని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.

రత్నమ్మక్క వచ్చింది. గిన్నె ఎత్తి వెలుతురులోకి తిప్పింది.

"ఎవరు కడిగేరే దీన్ని?"

"నేనేక్కా! ఎట్లుండాది? రేపు ఆయప్ప కండ్లు జిగేల్మనాల."

ఆమె తిట్టలేదు. నేలమీద కూలబడింది. గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "మేడం అమ్మమ్మ తాగిన టీ ఉందే ఇందులో. మేడం అమ్మ తాగింది ఉంది. ఆళ్ళందర్నీ కడిగి పారబోసేవు గదే," అంది. అప్పటికీ నాకు పూర్తిగా బోధపడలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాకే ఏదో పెద్ద తప్పు చేశానని తెలిసింది.

దాచిపెట్టే మనిషి కాదు ఆమె. గిన్నెను రెండు చేతులతో పట్టుకుని నేరుగా మేడం దగ్గరికి వెళ్ళింది. వెనకాలే నేను. మేడం గిన్నె లోపల వేళ్ళతో తడిమింది. చాలాసేపు తడిమింది. తర్వాత మాతో మాట్లాడే వంటింటి హిందీలో "రత్నా, ఎందుకు?" అంది. అంతే. ఎవరు అని కూడా అడగలేదు. తాళం రత్నమ్మక్క దగ్గరుంది, ఆ గిన్నెలు ఇంకెవరూ ముట్టరు, ఇంకెవరిని అడుగుతుంది?

"గిన్నెలు చూసుకోవాల్సింది నేను మేడం," అంది రత్నమ్మక్క. అని, వెనక్కి తిరిగి నావైపు చూసింది. నాకు ఆ క్షణంలో బురైమి ఇంటి తాళం వేసిన గది కనిపించింది. తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. నేను కాదని అబద్ధం చెప్పలేదు, నేనేనని నిజమూ చెప్పలేదు. పిరికివాళ్ళకు ఆ రెండింటి మధ్య బోలెడంత చోటుంటుంది. రత్నమ్మక్క నన్ను పట్టివ్వలేదు. జాలిపడి కాదని నాకు తెలుసు. నా నోటితో నేనే చెప్పాలని ఆమె పంతం. నేను చెబుతానని నమ్మింది పిచ్చిది.

మేడం అరవలేదు. కానీ ఇక రత్నమ్మక్క మొహం చూడలేనంది. పది రోజుల తర్వాతకు ఆమెకు ఊరికి విమానం టికెట్ తీశారు. ఆ పది రోజుల్లో రత్నమ్మక్క ఏం చేసిందో తెలుసా? నాకు గిన్నెల పని నేర్పింది. "నేనెల్లిపోతే ఈటిని చూసేవోళ్ళుండాలి కదా," అని బీరువా తెరిచింది. గోరువెచ్చని నీళ్ళు తప్ప ఇంకేదీ తగలనివ్వకూడదు. మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. నాలుగు రోజులు నీడన ఆరాక గానీ గుడ్డలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టకూడదు. "మట్టి తాగుద్దే. సబ్బు పెట్టేవనుకో, సబ్బు తాగుద్ది. రేపొద్దున్న టీలో కక్కుద్ది." ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఏం పోయేదక్కా అని నోటిదాకా వచ్చింది. సిగ్గులేదు నాకు, అప్పుడు కూడా తప్పు ఆమె మీదికే తోయబోయాను. రోజూ పాఠం అయ్యాక కాసేపు ఊరికే కూర్చునేది. నేను లేచి మేడం గదివైపు వెళతానేమోనని. "రేపు చెప్తా" అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అలా పది రేపులు అయిపోయాయి.

వెళ్ళేరోజు పొద్దున డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ఆమె సంచీ పట్టుకుని బావురుమన్నాను. "అక్కా, నన్ను మన్నించక్కా."

"నన్నడుగుతావేంటే? ఎవరు కడిగేరో నాకు తెల్సు కదా. తెలీనోళ్ళకి చెప్పు." సంచీ లాక్కుని కారెక్కింది.

ఆ తర్వాత ఐదేళ్ళు ఆ తాళం నా దగ్గరే ఉంది. మేడం నా చేతిపని మెచ్చుకునేది. ఒక సోమవారం అందరూ వెళ్ళిపోయాక, "నీ చెయ్యి అచ్చం రత్న చెయ్యే. చివరికి ఆమె అలా ఎందుకు చేసిందో నాకిప్పటికీ అర్థం కాదు," అంది. గదిలో మేమిద్దరమే. అంతకంటే మంచి అదను దేవుడు కూడా ఇవ్వలేడు. నేను వంగి, వెదురు కవ్వం కడగడానికి తీసుకుపోయాను. మరుసటేడు మేడం పోయింది. నేను హోటల్లో చేరాను. రత్నమ్మక్క ఊళ్ళో రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. రోజంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవాలి. ఫోన్ చేస్తే, "ఏళ్ళు వంకర్లు పోయేయే, గ్లాసు కూడా నిలవట్లేదు," అనేది. చెప్పావా అని ఒక్కసారి కూడా అడగలేదు. నిరుటి వానల్లో జ్వరమొచ్చి పోయిందట. నాకు నెల తర్వాత తెలిసింది.

మ్యూజియంలో మూడో గదిలో ఉంది ఆ గిన్నె, ఒంటరిగా, దీపం కింద. తెల్లగా. పక్కన అట్టమీద అరబీలోనూ ఇంగ్లీషులోనూ రాశారు. కూడబలుక్కుని చదివాను. మూడు తరాల వాడకంతో ఏర్పడిన గీతలకు ఈ గిన్నె పేరుపొందిందట. ఇంటి పనిమనిషి తెలియక రసాయనంతో కడగడం వల్ల అవి పోయాయట. తెలియక! రత్నమ్మక్కకు తెలియకనా? మేడం కన్నకూతుళ్ళకు తెలియని సంగతులు ఆమె వేళ్ళకు తెలుసు! నాకు ఒళ్ళు మండిపోయింది. టికెట్లిచ్చే అమ్మాయిని పిలుచుకొచ్చాను. మత్రా పిల్ల, హిందీ చక్కగా మాట్లాడుతుంది. ఆరేళ్ళూ మేడం దగ్గర రాని నోరు ఆ పిల్ల ముందు వచ్చింది. అంతా చెప్పాను. ఆమె కాదు, నేను కడిగాను, ఆమెకు అన్నీ తెలుసు, ఇది మార్చండి అన్నాను.

ఆ పిల్ల మంచిదే. ఓపిగ్గా విన్నది. అట్టను ఇంకోసారి చదివింది.

"మీరు ఇక్కడ ఏం పని చేసేవారు ఆంటీ?"

"ఇంటిపనే."

"మరి ఇందులో తప్పేముంది? పనిమనిషి అనే ఉంది కదా. ఎవరి పేరూ రాయలేదు." నన్ను ఓదారుద్దామనే అంది పాపం. కూర్చోమని కుర్చీ కూడా చూపించింది.

ఆ అట్ట మీద నిజంగానే తప్పు లేదు. రత్నమ్మక్క పదకొండేళ్ళూ, నా ఆరేళ్ళూ కలిపి వాళ్ళకు ఒకే ముక్క, పనిమనిషి. మేం ఇద్దరం మనుషులమని, మాలో ఒకరు చేసింది ఇంకొకరు మోశారని, తెలియాల్సిన మేడమేమో మట్టిలో కలిసిపోయింది. కుర్చీలో కూర్చోకుండా వచ్చేశాను.

ఇప్పుడు నా కింద హోటల్లో పద్నాలుగు మంది ఆడపిల్లలు పనిచేస్తారు. ఏదైనా పగిలినా, పాడైనా అందర్నీ వరసగా నిలబెట్టి ఎవరు అని అడుగుతాను. జీతం కొయ్యను, పైవాళ్ళకు చెప్పను, కానీ చేసిన పిల్ల నోరు విప్పేదాకా ఒక్కరినీ కదలనివ్వను. డ్యూటీ టైమైపోయినా సరే, కాళ్ళు పీకినా సరే. వెనకాల నన్ను రాక్షసి అంటారట. అననివ్వండి. నేల చూపులు చూసే పిల్ల ఎవరో నాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. చెప్పేదాకా ఆ పిల్ల మీద నాకు జాలి రాదు.