దీపాలు పెట్టే వేళ హ్యాండోవర్

పాసైపోయినాను! ఎమ్మెస్సీ నర్సింగ్ పాసైపోయినాను! పొద్దున రిజల్ట్ వచ్చింది. నంబరు కొట్టి చూసి, నమ్మలేక మళ్లా కొట్టి చూసినా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నాయన సౌకార్‌పేటలో ఒక హోల్‌సేల్ అంగట్లో లెక్కలు రాస్తాడు. ఫోన్ తీయంగానే "ఏమ్మా, అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయింది నాయనా" అన్నా. అంతే, అంగట్లో అందరికీ అరిచి చెప్తా ఉండాడు, నా మాట వినేదెవరు!

ఇంత సంతోషం వచ్చినా స్వీటు కొనబుద్ధి కాలే. ఎందుకంటే నేను పాసైంది హ్యాండోవర్ నేర్పించే ప్రాజెక్టు మీద. డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుకి మంచం కాడ నిలబడి పేషెంటుని అప్పజెప్పాల. ఎట్లుండాడు, పొద్దున్నుంచి ఏం మారింది, దేనికి భయపడాల, ఇప్పుడేం చేయాల. అంతే పాఠం. రాయపురంలో ఒక ఆస్పత్రిలో నర్సింగ్ పిల్లలకి అదే నేర్పించినా, ప్రాజెక్టు ఇచ్చేసినాక కూడా ట్యూటర్‌గా ఆడనే ఉండా. పరీక్ష పెట్టిన మేడమ్ "చాలా బాగుందమ్మా" అన్నాది.

క్లాసులో బొమ్మని పడుకోబెట్టి చెప్పమంటే పిల్లలు టకటకా చెప్తారు. వార్డుకి పోతే అందరిదీ ఒకటే పాట, "స్టేబుల్ మేడమ్". వాళ్లలో ఒక పిల్ల మా మాదిరే, ఈ అరవ ఊర్లో తాతల కాలం నుంచి ఉండే తెలుగోళ్లు. వాళ్లమ్మ హార్బర్ కాడ చేపలమ్ముతాది. ఒకనాడు ఎగతాళి చేసినా, "మీ అమ్మ గొంతు హార్బరంతా వినిపిస్తాదంట, నీ గొంతు యాడ పోయిందే?"

"అమ్మ చేపల కాడ అరుస్తాది మేడమ్, రోగుల కాడ అరవదు" అన్నాది. అందరం నవ్వినాం.

పోయిన వారం సాయంత్రం ఆ పిల్ల డ్యూటీ దిగతా ఉండాది. నేను పక్క వార్డులో ఇంకో గుంపు కాడ ఉండా. ఆ పిల్ల చూసుకునే మంచంలో ఒక అవ్వ, తల కాడ కొడుకు. వార్డు ఆయమ్మ, మూలనుండే దేవుడి పటానికి అప్పుడే దీపం పెట్టింది. ఈ పిల్ల ఎక్కే నర్సుకి "అవ్వ బాగుండాది అక్కా, ఇడ్లీ తిన్నాది" అని చెప్పేసి పోయింది. పొద్దున్నుంచి అవ్వకి యూరిన్ సరిగా రాలేదని ఆ పిల్లకి తెలుసు. చార్టులో రాసింది కూడా. నోటితో చెప్పలే. ఆ నర్సుకి ఎమర్జెన్సీ కేసు వచ్చి చార్టు చూసే తీరిక దొరకలే. రాత్రి డాక్టరు వచ్చి చూసేసరికి అవ్వ పలకడంలే. ఐసీయూకి ఎత్తుకోని పోయినారు.

"ఎందుకే చెప్పలే?" అని అడిగినా.

"దీపం పెట్టినారు మేడమ్. అవ్వ వింటా ఉండాది, కొడుకు నా మొఖమే చూస్తా ఉండాడు. మా ఇంట్లో ఆ వేళ చెడ్డ మాట అననియ్యరు. బియ్యం అయిపోయినా నిండుకున్నాయి అంటాం గదా."

మా అమ్మ కూడా అంతే. నాయనకి షుగర్ వచ్చిన సంగతి నాకు రెండు నెలల దాకా చెప్పలే. ఆ పిల్లకి మాటలు నేర్పించినా, అవి ఏ నోట్లోంచి రావాలో ఆలోచించలే నా ప్రాజెక్టు.

మర్నాడు పిల్లలందర్నీ నిలబెట్టి "చెడ్డ సంగతే ముందు చెప్పండి" అన్నా. తల ఊపినారు. సాయంత్రం మంచం కాడికి పోతానే మళ్లా "స్టేబుల్ మేడమ్". ఇంకెన్ని బ్యాచులు వచ్చినా ఇంతేనేమో అనిపిస్తాది. ఆ పిల్లయితే "నాకిది రాదు మేడమ్, అమ్మతో పాటు హార్బర్‌కే పోతా" అనేసి కాలేజీకి రావడం మానేసింది. వాళ్ల ఇంట్లో కూడా డిగ్రీకి వచ్చింది ఆ పిల్ల ఒకతే. ఫోన్ చేస్తే ఎత్తడంలే.

అవ్వ ఇంకా ఐసీయూలోనే ఉండాది. నేను మాత్రం పాసు.

ఇంకా ఫోన్ చేయాల్సినోళ్లు:
మనలిలో చిన్నాయన.
నెల్లూర్లో మేనత్త, ముందు తనకి చెప్పలేదని అలుగుతాది.
నా గైడ్ మేడమ్.
ఐసీయూలో నర్సు, ఈ పూట అవ్వకి యూరిన్ వచ్చిందా అని.
అవ్వ కొడుకు.
ఆ పిల్ల. ఎత్తకపోతే వాళ్లమ్మ.