పేడగంప పెరొనెల్

మార్లెవిల్‌లో కతీడ్రల్ అనే పెద్ద చర్చి కట్టడం మొదలై అరవై ఏళ్లు దాటింది. పునాది రాళ్ల మీద మొదటి చలికాలం పేడ కప్పింది పెరొనెల్ అమ్మమ్మ. కిటికీల మొదళ్ల దాకా కప్పింది తల్లి. గోడ మొనదేలిన కమానుల ఎత్తుకు వచ్చేసరికి గంప పెరొనెల్ నెత్తికెక్కింది. మేస్త్రీలు మారారు, బిషప్పులు మారారు, పేడ మాత్రం ఆ ఇంటిదే.

నవంబరులో వచ్చే మార్టిన్ పండుగ నాటికి చలి ముదిరి తాపీపని ఆపేస్తారు. గోడ పైవరసల్లో సున్నం అప్పటికింకా పచ్చిగానే ఉంటుంది. ఆ తడి గడ్డకట్టిందంటే సున్నం పిండైపోతుంది. అందుకని పెరొనెల్ గడ్డి పరిచి, దానిమీద జానెడు మందాన పేడ మెత్తి, వసంతం దాకా గోడను వెచ్చగా పడుకోబెట్టేది. పెళ్లిళ్లలో ఆమె పక్కన కూర్చోవడానికి కొందరు వెనకాడేవారు. ఆమె వెతుక్కుని మరీ వాళ్ల పక్కనే కూర్చునేది.

ఆ ఏడు కొత్త గోడ, పూజలు జరుగుతున్న తూర్పు భాగానికి వచ్చి అతుక్కుంది, సరిగ్గా ఫాదర్ గోబెర్ కుర్చీ నెత్తిన. కట్టడం పెత్తనమంతా ఆయనదే. ముక్కు మహా సున్నితం.

“ఏమమ్మా పెరొనెల్, నేను కూర్చున్నది దేవుడి సన్నిధిలోనా, నీ కొట్టంలోనా? తీసెయ్యి. శుభ్రమైన నార దుప్పట్లు కప్పిస్తాను.”

“దుప్పట్లకు వేడెక్కడిది ఫాదర్ గారూ?”

“బయట అంతేసి దన్నుకమానులు గోడను పట్టుకుని నిలబడ్డాయి. నీ పేడ లేకపోతే గోడ పడిపోతుందా?”

“అవి బరువును పట్టుకుంటాయి, చలిని కాదు.”

“చూద్దాం. దుప్పట్ల కింద గోడ నిలిచిందా, పైయేడు నుంచి నీకిక్కడ పని లేదు.”

పెరొనెల్‌కు వేరే పని రాదు, నేర్చుకోవాలనీ లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

“సరే. మీ కుర్చీ మీద పన్నెండడుగులు మీవి, మిగతాది నాది. మీది చెడిందా, పైయేడు గంప మీరే మొయ్యాలి.”

పక్కనున్న మేస్త్రీ ఒదోన్ నవ్వాపుకోలేక దగ్గాడు. అందరూ చూస్తుండగా ఫాదర్ “అలాగే” అనేశాడు.

డిసెంబరంతా ఎండ కాసింది. ఫాదర్ పైకి చూసి ముసిముసిగా నవ్వేవాడు. పెరొనెల్‌కు ముద్ద దిగేది కాదు. జనవరిలో నది గడ్డకట్టింది. అప్పుడు ఇంకో బెంగ పట్టుకుంది. ఆ పన్నెండడుగులూ అమ్మమ్మ కప్పిన పునాది మీద లేచినవే కదా! మోకరించి ఏం కోరుకోవాలో తెలియక, “నీ ఇష్టం ప్రభువా” అనేసి లేచేది.

ఈస్టర్ వెళ్లాక గోడ మీది పేడా దుప్పట్లూ తీశారు. ఒదోన్ సుత్తితో కొడితే పెరొనెల్ వైపు గోడ ఖంగుమంది. దుప్పట్ల వైపు సున్నం అరచేతిలోకి పిండిలా రాలింది. పెరొనెల్ గెలిచింది. గెలిచి, ఆ పొడిని గుప్పిట పట్టుకుని అందరి ముందే భోరుమంది. ఫాదర్ తలొంచుకుని వెళ్లిపోయాడు. ఒదోన్ నాలుగు వరసలు ఊడదీసి మళ్లీ కట్టాడు.

మళ్లీ మార్టిన్ పండుగ వచ్చింది; ముందురోజు పెరొనెల్ పేడ తోడుతుంటే కొట్టం గుమ్మంలో ఫాదర్ గోబెర్ ప్రత్యక్షమయ్యాడు. అంగీ చేతులు పైకి మడిచి, ముక్కులో ఎండు పుదీనా దోపుకుని ఉన్నాడు.

“ఏదీ గంప?”

పెరొనెల్‌కు జాలేసింది. సగమే నింపింది.

“నిండా వెయ్యమ్మా. మాటంటే మాటే.”

“అయితే ఎడం చేత్తో పట్టుకోండి. రేపు పండుగ పూజలో కుడిచేత్తోనే కదా మా నాలుకల మీద ప్రసాదం పెట్టేది!”

ఆయన ఒగరుస్తూ నిచ్చెనలన్నీ ఎక్కాడు. పైన గోడ పక్కన నిలబడి కిందికి కేకేశాడు.

“ఎక్కడ వెయ్యమంటావు?”

“మీ కుర్చీ నెత్తిన,” అంది పెరొనెల్. “అక్కడ రెండు జానలు!”