నేటాలుకు వేసిన టముకు

దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువారికీ, బోయర్లనే డచ్చి రైతులకూ యుద్ధం మొదలైన కొత్తలో నేను కాకినాడలో ఒక వారపత్రికకు అనువాదకుణ్ణి. ఆ తరువాత మద్రాసు వెళ్ళి దినపత్రికల్లో చాలా ఏళ్ళు గడిపాను. కాని ఒక యుద్ధాన్ని దూరాన కూర్చుని చూడడమంటే ఏమిటో తెలిసింది కాలువ ఒడ్డున ఉన్న ఆ రెండు గదుల అచ్చుకూటంలోనే.

గోదావరి మీద రైలు వంతెన అప్పటికి పూర్తికాలేదు. మద్రాసు ఇంగ్లీషు పత్రికలు ఏటి అవతలి దాకా రైలులో వచ్చి, పడవ మీద రాజమండ్రికి దాటి, మళ్ళీ బండెక్కి, సామర్లకోటలో ఇంకో బండి మారి మాకు చేరేవి. అక్కడ ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉన్న నేటాలులో ఎవరో చూసినదాన్ని లండనులో మరొకరు కుదించేవారు. దాన్ని మద్రాసులో ఇంకొకరు సరిదిద్దేవారు. చివరికి నేను తెలుగు చేసేవాణ్ణి. చచ్చినవాళ్ళ లెక్క ఒక్కో పత్రికలో ఒక్కోలా ఉండేది. ఏది వేయమంటారని అడిగితే మా పత్రికాధిపతి, "మధ్యది వెయ్యవయ్యా, ఎవరికీ కోపం రాదు," అనేవారు. నేను మధ్యది వేసేవాణ్ణి. రాత్రిళ్ళు హాయిగా నిద్రపట్టేది కూడాను.

సాయంత్రం అచ్చుకూటం అరుగు మీద నలుగురు చేరేవారు. అందులో ఇద్దరి గొంతులే పైకి వినిపించేవి. ఒకరు జిల్లా కోర్టు ప్లీడరు, రెండోవారు హైస్కూలులో చరిత్ర చెప్పే మేష్టారు.

"గట్టు దాటి పక్కవాడి చేలోకి దిగినవాడిదే తప్పండీ," అనేవారు ప్లీడరుగారు. "నేటాలులోకి ముందు అడుగుపెట్టింది బోయర్లు. ఫస్టు అప్పీలులోనే కొట్టేస్తారు వాళ్ళ కేసు."

"అసలా చేను ఎవరిదండీ? మనలాంటి నల్లవాళ్ళది. పొరుగువాళ్ళిద్దరూ ఒకడి చేను దున్నుకుంటూ గట్టు కోసం కొట్టుకుంటుంటే మీరు సర్వే చేస్తానంటారు."

"మెల్లగా మేష్టారూ. కలెక్టరుగారి కచేరీ పక్కవీధిలోనే ఉంది."

"ఉంటే ఉండనివ్వండి. ఆ పల్లెటూరి రైతులు దొరలకు చెమటలు పట్టిస్తున్నారని నేను చెప్పానా? మన పత్రికలోనే పడింది."

పడినమాట నిజమే. ఇంగ్లీషువారు ఓడిన వారం అరుగు మీద కాఫీ గ్లాసులు రెండు ఎక్కువ ఖాళీ అయ్యేవి. ఎవరూ సంతోషిస్తున్నామని అనేవారు కాదు. గెలిచిన వారం అందరూ తొందరగా ఇళ్ళకు పోయేవారు.

సముద్రపొడ్డున ఉన్న ఉప్పాడ నుంచి చేపలమ్మే ఒకామె రావడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. ముప్పై ఏళ్ళుంటాయి. ఎండు నెత్తళ్ళ చేపల గంప నెత్తిన పెట్టుకుని వారం వారం కాకినాడ సంతకు వచ్చేది. మా పత్రికాధిపతికి ఆ వాసన పడదని ఎవరు చెప్పారో, గంపను కాలువగట్టు మీద దించి, చేతులు కడుక్కుని, అరుగు కింద నిలబడేది.

"అయ్యగారూ, నేటాలు కబురేమైనా పడిందా అండీ?"

సముద్రం వాళ్ళ ఇంటిని తినేసిన ఏడు ఆమె భర్త నేటాలు చెరుకుతోటల్లో పనికి అయిదేళ్ళ ఒడంబడికకు వేలిముద్ర వేసి వెళ్ళాడు. గడువు తీరింది. తరువాత ఎవరిచేతో రాయించిన ఉత్తరం ఒకటి వచ్చింది. లేడీస్మిత్ అనే ఊళ్ళో రైలుదారి పనిలో ఉన్నానని, మరో ఏడాదిలో వస్తానని అందులో ఉంది. ఆ ఉత్తరం చేరిన కొన్నాళ్ళకే బోయర్లు ఆ ఊరిని ముట్టడించారు.

నేను తంతివార్తలు చదివి వినిపించేవాణ్ణి. ఊళ్ళో బియ్యం నిండుకున్నాయనీ, సిపాయిలు గుర్రాలను కోసుకు తింటున్నారనీ చెప్పిన రోజున ఆమె నవ్వేసింది.

"గుర్రం మాంసమా అండీ? మా ఓడు తినడండి. చేపలో ముల్లు తీసి పెట్టకపోతే కంచం తోసేసేవోడు."

కొన్ని నెలలకు ముట్టడి విడిపోయింది. కచేరీలకు దీపాలు పెట్టారు. బడిపిల్లలకు మిఠాయి పంచారు. ఆమె వచ్చి, "తోవ తెరిచారు కదండీ, ఇంక ఉత్తరం వస్తాది," అంది. రాలేదు. ఇంగ్లీషువారు బోయర్ల ముఖ్యపట్టణం పట్టుకున్నారు. యుద్ధం ముగిసినట్టేనని మేము వేశాం. మూడు నెలల తరువాత మళ్ళీ అలాగే వేశాం. బోయర్లు గుర్రాలెక్కి కొండల్లో తిరుగుతూ, దొరికినచోట కొడుతున్నారు. దొరలు వాళ్ళ ఇళ్ళు తగలబెట్టి ఆడవాళ్ళనూ పిల్లలనూ గుడారాల్లో పెట్టారు. ఇప్పుడు గట్టు దాటింది ఎవరండీ అని మేష్టారు ఒకటి రెండుసార్లు అడిగారు గాని, ఆయన గొంతులో కూడా ఊపు లేదు. ప్లీడరుగారు అరుగు మీదే కునికేవారు. వంతెన పూర్తయి మద్రాసు పత్రికలు పెందలాడే రావడం మొదలైంది. వార్త మాత్రం మారలేదు. సీసపు అక్షరాలతో కూర్చిన కొన్ని వాక్యాలను కంపోజిటరు విప్పడం మానేశాడు. "మళ్ళీ వారానికి పనికొస్తాయండి," అనేవాడు.

యుద్ధం రెండో ఏడు వేసవిలో ఒకరోజు ఆమె కబురు అడగలేదు.

"అయ్యగారూ, మా ఓడు పోయాడని వెయ్యండి."

"ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండి. మీరు వేస్తే చాలంట."

విషయం మెల్లగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళోనే భార్య చనిపోయిన ఒకతను మనువాడతానని అడిగాడు. వాళ్ళలో మారుమనువు తప్పుకాదు. ఈమెకూ ఇష్టమే. కాని మొదటివాడు ఉన్నాడో లేడో తేలందే కులపెద్దలు మాట ఇవ్వరు. నేటాలు వెళ్ళి చూసి వచ్చేవాళ్ళు లేరు కనుక, పేపరులో పడితే సాక్ష్యం కింద ఒప్పుకుంటామన్నారు.

"తెలియకుండా ఎలా వేస్తామమ్మా?"

"అన్నీ తెలిసే వేస్తున్నారా అండీ? రెండువేలమంది పోయారని మొన్న చదివారు. ఆళ్ళందర్నీ చూశారా? ఆళ్ళల్లో మా ఓణ్ణి ఒక్కణ్ణి కలపలేరా?"

లోపల పత్రికాధిపతి విన్నారు. "బతికి వచ్చి కోర్టుకెక్కాడంటే ఎవడయ్యా జవాబుదారీ?" అన్నారు. ఆమె విన్నదో లేదో, గంప ఎత్తుకుని పోయింది.

నేను ఆలోచించి, న్యాయమైన పని అనుకుని ఒకటి చేశాను. తరువాతి సంచికలో వార్తల కింద నాలుగు పంక్తుల ప్రకటన వేశాను. ఉప్పాడ నుంచి నేటాలు వెళ్ళి లేడీస్మిత్‌లో పనిచేస్తుండిన ఫలానా మనిషి సమాచారం తెలిసినవారు మా కార్యాలయానికి రాయవలసిందని కోరాను. ఇంటిపేరు, వయసు, ఎడమచేతి మీద పడవ పచ్చబొట్టు, అన్నీ పెట్టాను. అంతవరకూ నేను రాసినవాటిలో పూర్తిగా నిజమని నాకు తెలిసిన నాలుగు పంక్తులు అవే. మళ్ళీ వచ్చినప్పుడు ఆమెకు చదివి వినిపించాను. ఆమె అక్షరాల వంక చూసి, "ఇది పోయాడని కాదు కదండీ," అంది. "కాదు, వెతుకుతున్నాం," అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది.

పదిహేను రోజులకు ఉప్పాడ కులపెద్ద ఒకాయన స్వయంగా వచ్చాడు. పండుముసలి. కర్ర అరుగుకు ఆనించి, పత్రికను చేతిలోకి తీసుకుని, తలకిందులుగానే చాలాసేపు చూశాడు.

"ఈ కాయితం ఎందాకా పోద్దండీ?"

నేను గొప్పకు పోయాను. నెలకు ఒకటో రెండో ప్రతులు మాత్రమే వెళ్ళే ఊళ్ళన్నీ వరుసగా చెప్పాను. "మద్రాసు వెళ్తుంది తాతా. బర్మాలో రంగం దాకా వెళ్తుంది. నేటాలులో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, అక్కడికీ చేరుతుంది."

నేటాలుకు మా పత్రిక ఒక్కటైనా వెళ్ళిందో లేదో నాకు తెలియదు. కట్ట కట్టి పంపేది గుమాస్తా.

"ఆయ్," అన్నాడు ముసలాయన. "అయితే పెద్ద టముకేనండి." కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాటకు అర్థం ఆమె మరుసటి వారం వచ్చి చెప్పింది. ఆ రోజు గంప గట్టు మీద దించలేదు. తిన్నగా అరుగు మీదికే తెచ్చింది.

"ఎంత పని చేశారండీ!"

వేటకు వెళ్ళిన పడవ తిరిగిరాకపోతే, ఉప్పాడవాళ్ళు ఒడ్డు వెంట ఊరూరా టముకు వేయిస్తారట. ఫలానా పడవ, ఫలానా మనుషులు, చూసినవాళ్ళు చెప్పండి అని. టముకు వేశాక సరిగ్గా ఏడాది తిరిగేదాకా ఆ మనిషి పోయాడని నోటితో అనకూడదు. భార్య గాజులు తీయకూడదు, మరొకరి గుమ్మం తొక్కకూడదు. అడిగాక జవాబుకు వ్యవధి ఇవ్వాలి కదా. నేటాలు పోయినవాడు వేటకు పోయినవాడు కాదు కనుక అతని పేర టముకు లేదు. ఎవరో ఒకరి సాక్ష్యం ఉంటే పెద్దలు ఆ వారంలోనే తేల్చేసేవారు. ఇప్పుడు నేను సముద్రాలు దాటేంత టముకు వేశాను. లెక్క ఆ రోజు నుంచి మొదలైంది.

"నాకు తెలియదమ్మా. నేను మేలుకే వేశాను."

"మేలుకేలెండి. మీరు మద్రాసు, రంగం అని చెప్పకపోతే చిన్న టముకేలే అని ఆరు నెలలకైనా ఒప్పుకునేవోరు. తాత ఊరంతా చెప్పాడండి, మా ఓడి పేరు సముద్రం మీద పోతందని. నేను ఏడవాలా, మురిసిపోవాలా?"

లోపలి నుంచి పత్రికాధిపతి దగ్గారు, వాసనకు. ఆమె వినిపించుకోలేదు.

"మనువాడతానన్నతను ఏడాది ఆగుతాడా?" అన్నాను.

"మగోడండి," అంది.

నేను పెద్దలకు ఉత్తరం రాశాను. మా ప్రకటన టముకు కాదని, పత్రికల్లో అలాంటివి రోజూ పడుతుంటాయని. ఆ ఊళ్ళో బడిపంతులు దాన్ని వాళ్ళకు చదివి వినిపించాడట. అడిగినవాడే అడగలేదంటే ఎలా అన్నారట. కూలీల వ్యవహారం చూసే మద్రాసు కచేరీకి కూడా రాశాను. విచారిస్తున్నామని ఒక కార్డు వచ్చింది. అంతే.

ఆ ఏడాది చాలా పొడుగ్గా నడిచింది. అరుగు మీద యుద్ధం మాట దాదాపు ఆగిపోయింది. వరి ధర, కాలువ పూడిక, మేష్టారి బదిలీ మాట్లాడుకునేవారు. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి బోయర్ల సంగతి ఎత్తితే, ఇంకా జరుగుతోందా అని ప్లీడరుగారు నిజంగానే అడిగేవారు. జరుగుతోందని నాకొక్కడికే తెలిసేది, ఎందుకంటే తెలుగు చేయాలి కదా. అదే తగలబెట్టడం, అదే రైలుపట్టాలు పీకడం. ఆమె సంతకు వస్తూనే ఉండేది గాని కబురు అడిగేది కాదు. గుమ్మం ముందు నుంచి పోతూ, "టపాలో ఏం లేదు కదండీ," అనేది. లేదనేవాణ్ణి. ఉంటే ఆమెకు మేలో కీడో అప్పటికి నాకే తెలియకుండా పోయింది. టపా విప్పేటప్పుడు మాత్రం చేతులు కాస్త ఆలస్యం చేసేవి.

ఏడాది నిండడానికి వారం ముందు సంధి కుదిరింది. బోయర్లు లొంగిపోయారు. మేము పెద్దక్షరాల్లో వేశాం. కలెక్టరుగారి కచేరీకి మళ్ళీ దీపాలు పెట్టారు. మేష్టారు ఏలూరు వెళ్ళిపోయారు కనుక వాదించేవారు లేక ప్లీడరుగారు ఒక్కరే అరుగు మీద కూర్చుని, నేను మొదటే చెప్పలేదా అని కంపోజిటరుతో అన్నారు.

తరువాతి సంతకు ఆమె వచ్చింది. గాజులు లేవు.

"తేల్చేశారండి. మొన్న గడువు తీరింది. స్నానం చేయించారు, మీ కాయితం కూడా సముద్రంలో కలిపారు."

"మరి మనువాడతానన్నతను?"

"రంగం వెళ్ళిపోయాడండి, సంక్రాంతికి ముందే. ధాన్యం మిల్లులో పనంట. అక్కడ ఎవర్తినో చేసుకున్నాడని విన్నాం. నేనే అయితే ఆగేదాన్నా? చెప్పలేనండి."

నేను క్షమించమనబోయాను. ఆమె అవసరం లేదన్నట్టు చెయ్యి ఊపింది.

"అయ్యగారూ, యుద్ధం అయిపోయిందంట కదండీ. ఎవరు గెలిచారు?"

"ఇంగ్లీషువాళ్ళు."

"మా ఓడు ఉన్న ఊరు ఎవరివైపండీ?"

"ఇంగ్లీషువాళ్ళ వైపే."

గట్టు దగ్గరికి నడిచి గంప అంచు పట్టుకుంది. నేను వెళ్ళి రెండోవైపు పట్టి ఎత్తించాను. అంత దగ్గరగా ఆ వాసన నాకు అదే మొదలు.

"అయితే మా ఓడు గెలిచినట్టేనా అండీ?"

అవునమ్మా అన్నాను. ఆమె గంప కింద నెత్తిన చుట్టకుదురు సర్దుకుని సంతవైపు నడిచింది.